బరువు తగ్గే సర్జరీ తర్వాత ఒంట్లో ఐరన్ ఎందుకు నిలవదు, దాన్ని ఎలా నిలబెట్టుకోవాలి

రాత్రి రెండింటికి లేచి ఫ్రీజర్ తీసి ఐస్ ముక్కలు కరకరా నమిలేదాన్ని. ఒకటీ రెండూ కాదు, ట్రే మొత్తం ఖాళీ చేసి మళ్ళీ నీళ్ళు పోసి పెట్టి, పొద్దున లేవగానే గడ్డకట్టిందా లేదా అని చూసుకునేదాన్ని. గ్యాస్ట్రిక్ బైపాస్ అయ్యి అప్పటికి ఏడాదిన్నర, బరువు బాగా తగ్గింది, కనిపించిన వాళ్ళందరూ ఎంత బాగున్నావో అంటున్నారు, నాకేమో రెండో ఫ్లోర్ ఎక్కేసరికి గుండె దడదడ, మధ్యాహ్నం అయ్యేసరికి ఎక్కడ కూర్చుంటే అక్కడే కళ్ళు మూతలు పడిపోవడం, దువ్వెన నిండా జుట్టు. తక్కువ తింటున్నా కదా నీరసం ఉండదా ఏంటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. ఐస్ సంగతి మాత్రం సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. తర్వాత తెలిసింది, ఐస్ మీద ఆ యావ కూడా ఒంట్లో ఐరన్ అడుగంటిపోయిందనడానికి ఒక గుర్తేనట, దానికి డాక్టర్ల దగ్గర పాగోఫేజియా అని పేరు కూడా ఉందట. కొంతమందికి ఐస్ బదులు మట్టి, సుద్ద, పచ్చి పిండి లాంటివి తినాలనిపిస్తుంది. ఇలాంటిది ఏదైనా మీకుంటే దయచేసి దాచుకోకండి, డాక్టర్‌తో మొదట చెప్పాల్సిన మాటే అది.

ఈ సర్జరీ చేయించుకున్న వాళ్ళకి ఎనీమియా వచ్చిందనగానే చుట్టూ ఉన్నవాళ్ళు అనే మొదటి మాట "సరిగ్గా తినట్లేదు" అని. మనం కూడా అదే నమ్మేసి, తప్పంతా మన మీదే వేసుకుని, ఆకుకూరలు ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. తిండి తగ్గిన మాట నిజమే గానీ అది కథలో చిన్న భాగం, అసలు సంగతి ఏంటంటే తిన్న ఐరన్ ఒంట్లోకి వెళ్ళే దారినే సర్జరీలో మార్చేశారు. ఇది అర్థమైతే ఏ టాబ్లెట్ ఎందుకు పని చేయట్లేదు, ఏ టెస్ట్ ఎందుకు చేయించాలి, ఐవీ, అంటే నరంలోకి నేరుగా ఎక్కించే ఐరన్, ఎందుకు పెట్టాల్సి వస్తుంది అన్నవన్నీ వాటంతట అవే విడిపోతాయి, అందుకే ముందు ఆ దారి గురించి కొంచెం ఓపిగ్గా చెప్తాను.

మన ఒంట్లో మొత్తం ఐరన్ మూడు నాలుగు గ్రాములు, అంతే, ఒక చిన్న మేకు బరువు. అందులో దాదాపు మూడింట రెండొంతులు రక్తంలోనే, ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది, అది చనిపోయాక అందులోని ఐరన్‌ని శరీరం పారేయదు, మళ్ళీ కొత్త కణానికి వాడుకుంటుంది, అలా రోజూ 20, 25 మిల్లీగ్రాములు లోపల లోపలే తిరుగుతూ ఉంటుంది. బయటి నుంచి రోజూ రావాల్సింది 1 నుంచి 2 మిల్లీగ్రాములు మాత్రమే. వినడానికి ఎంత తక్కువో కదా. కానీ ఆ కాస్త లోపలికి రావడానికి రెండు కావాలి. ఒకటి పొట్టలో యాసిడ్. మొక్కల నుంచి వచ్చే ఐరన్ ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది, అది కరిగి, పేగు పీల్చుకోగలిగే ఫెర్రస్ రూపంలోకి మారాలంటే యాసిడ్ సాయం ఉండాలి. రెండోది చిన్న పేగులో మొదటి భాగం, అంటే పొట్ట దాటగానే వచ్చే డుయోడినమ్, దాని పక్కనే జెజునమ్ మొదలు. ఐరన్‌ని పట్టుకుని లోపలికి లాగే ఏర్పాటు ఎక్కువగా ఉన్నది అక్కడే. కిందికి వెళ్ళే కొద్దీ ఆ పని చేసే కణాలు తగ్గిపోతాయి.

ఇప్పుడు బైపాస్‌లో ఏం చేస్తారో చూడండి. పొట్ట పైభాగంలో చిన్న సంచిలా కొంచెం ఉంచి, దాన్ని తీసుకెళ్ళి నేరుగా జెజునమ్‌కి కలిపేస్తారు. అంటే యాసిడ్ తయారుచేసే పెద్ద పొట్ట పక్కకి పోయింది, ఐరన్ పీల్చుకునే డుయోడినమ్ కూడా పక్కకి పోయింది. అన్నం ఆ దారిన వెళ్ళనే వెళ్ళదు. మినీ బైపాస్ అనే ఇంకో రకం సర్జరీలో ఇంకా ఎక్కువ పేగుని దాటవేస్తారు, డుయోడినల్ స్విచ్ అనే రకంలో అయితే మరీ ఎక్కువ. స్లీవ్, అంటే పొట్టని సన్నటి గొట్టంలా చేసే సర్జరీ, చేయించుకున్న వాళ్ళు "మాది పేగు ముట్టుకోలేదు కదా, మాకేం కాదు" అనుకుంటారు. పేగు ముట్టుకోని మాట నిజమే గానీ పొట్టలో నాలుగింట మూడొంతులకి పైనే తీసేస్తారు, దాంతో యాసిడ్ చేసే కణాలు చాలా భాగం పోతాయి, పైగా స్లీవ్ తర్వాత చాలామందికి యాసిడ్ పైకి తన్నడం వల్ల యాసిడ్ తగ్గించే మాత్రలు నెలల తరబడి వాడాల్సి వస్తుంది, అవి ఉన్న కాస్త యాసిడ్‌ని కూడా ఆపేస్తాయి. బైపాస్ వాళ్ళంత కాకపోయినా వీళ్ళకీ రిస్క్ గట్టిగానే ఉంది.

అసలు ఈ సర్జరీ పుట్టిన కథలోనే ఈ సమస్య ఉంది. 1966లో అమెరికాలో అయోవా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదటిసారి బరువు కోసం గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. అల్సర్ కోసం పొట్టలో కొంత భాగం తీసేసిన పేషెంట్లు బరువు తగ్గి మళ్ళీ పెరగలేకపోవడం గమనించడం ఆ ఆలోచనకి మూలం. పొట్ట తీసేసిన వాళ్ళకి ఎనీమియా వస్తుందన్న సంగతి కూడా ఆ అల్సర్ ఆపరేషన్ల కాలం నుంచే డాక్టర్లకి తెలుసు. ఒకే కోత, దాని వల్ల ఒక మంచి, ఒక చెడు, రెండూ కలిసే వచ్చాయి. అందుకే ఎనీమియా వచ్చిందంటే సర్జరీ ఫెయిలైందనో, మనం క్రమశిక్షణ తప్పామనో అనుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామందికి ఈ లోటు సర్జరీకి ముందే ఉంటుంది. బాగా తినే మనిషికి ఐరన్ తక్కువేంటి అని అందరికీ ఆశ్చర్యం. లివర్ హెప్సిడిన్ అనే ఒక హార్మోన్ చేస్తుంది, అది పేగు కణాల్లోంచి ఐరన్ రక్తంలోకి వెళ్ళే గేటుకి కాపలా లాంటిది, హెప్సిడిన్ ఎక్కువైతే గేటు మూసేస్తుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉన్నప్పుడు లోలోపల ఎప్పుడూ ఒక సన్నటి ఇన్‌ఫ్లమేషన్ ఉంటుంది, ఆ ఇన్‌ఫ్లమేషన్ హెప్సిడిన్‌ని పెంచుతుంది. అంటే ఏళ్ళ తరబడి గేటు సగం మూసే ఉంది. అలా సగం ఖాళీ అయిన నిల్వలతో సర్జరీకి వెళ్తే, తర్వాత అడుగంటడానికి ఎంతకాలం పడుతుంది చెప్పండి. బరువు తగ్గాక ఆ ఇన్‌ఫ్లమేషన్ తగ్గి హెప్సిడిన్ కూడా తగ్గుతుంది, అది మంచి విషయమే, కానీ గేటు తెరుచుకున్నా ఐరన్ అటువైపు వచ్చే దారే మారిపోయాక ఆ లాభం పూర్తిగా అందదు. సర్జరీకి ఇంకా డేట్ దగ్గర పడని వాళ్ళు ఎవరైనా చదువుతుంటే, ఇప్పుడే ఐరన్ టెస్టులు చేయించి, తక్కువుంటే ముందే నింపుకుని వెళ్ళండి, తర్వాత నింపడం చాలా కష్టం.

ఇక్కడి నుంచి టెస్టుల గురించి, నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో జనం ఎక్కువ మోసపోయేది ఇక్కడే.

హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుంది అనేస్తారు. ఇంట్లో నీళ్ళ సంగతి ఆలోచించండి, కింద సంపు ఉంటుంది, పైన ట్యాంకు ఉంటుంది. సంపులో నీళ్ళు అడుక్కి వెళ్ళిపోయినా పైన ట్యాంకులో ఉన్నంతసేపు కొళాయి బాగానే వస్తుంది, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. హిమోగ్లోబిన్ కొళాయి. సంపులో ఎంత ఉందో చెప్పేది ఫెరిటిన్. ఐరన్ తగ్గేటప్పుడు ముందు ఫెరిటిన్ పడిపోతుంది, తర్వాత రక్తంలో ఐరన్‌ని మోసే ట్రాన్స్‌ఫెరిన్ ఖాళీ అవుతుంది, అన్నిటికంటే చివర్లో హిమోగ్లోబిన్ తగ్గుతుంది. నా రిపోర్ట్ ఇప్పటికీ ఫైల్లో ఉంది, హిమోగ్లోబిన్ 11.8, ఫెరిటిన్ 6. అంతకు ఆరు నెలల ముందు హిమోగ్లోబిన్ ఒక్కటే చూశారు, 12.4 ఉంది, నార్మల్ అన్నారు, నేనూ నిశ్చింతగా ఇంటికొచ్చేశా. ఆ రోజు ఫెరిటిన్ కూడా రాసి ఉంటే ఆరు నెలల ఆయాసం తప్పేది.

మామూలుగా వాడే లెక్కలు ఏంటంటే, ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 కంటే, మగవాళ్ళకి 13 కంటే తక్కువుంటే ఎనీమియా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఫెరిటిన్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో 15 కంటే తక్కువుంటే నిల్వలు అయిపోయినట్టు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నవాళ్ళకైతే 70 లోపున్నా లోటే అనుకోవాలని అదే సంస్థ 2020లో ఇచ్చిన గైడ్‌లైన్. చాలామంది డాక్టర్లు 30 లోపు రాగానే వైద్యం మొదలుపెడతారు. ఇక్కడ చిక్కేంటంటే ల్యాబ్ రిపోర్ట్ మీద పక్కన వేసే రేంజ్ చాలా చోట్ల 10, 12 దగ్గర మొదలవుతుంది, అంటే మీకు 13 వస్తే దాని పక్కన ఏ స్టార్ గుర్తూ ఉండదు, నార్మల్ లాగే కనిపిస్తుంది. కాబట్టి గుర్తు కోసం వెతక్కండి, నంబర్ చదవండి. ఇంకోటి, జ్వరమో ఇన్‌ఫెక్షనో ఉన్నప్పుడు ఫెరిటిన్ దొంగ లెక్క చూపిస్తుంది, నిల్వ లేకపోయినా పైకి వెళ్తుంది. అందుకే దానితోపాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూడాలి, అది 20 శాతం కంటే తక్కువుంటే ఐరన్ అందట్లేదని అర్థం. సీఆర్‌పీ అని ఇన్‌ఫ్లమేషన్ టెస్ట్ కూడా చేయిస్తే ఫెరిటిన్‌ని ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది.

సర్జరీ అయిన వెంటనే ఎందుకు తెలీదు, ఏడాది దాటాకే ఎందుకు బయటపడుతుంది అన్నదానికి ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక ఆడమనిషికి నిల్వ 300 మిల్లీగ్రాములు ఉందనుకుందాం, రోజుకి అర మిల్లీగ్రాము చొప్పున లోటు పడుతుందనుకుందాం. 600 రోజులు, అంటే ఏడాది ఎనిమిది నెలలు పడుతుంది సంపు ఖాళీ అవ్వడానికి. సరిగ్గా ఆ టైమ్‌కి మనం ఏం చేస్తుంటాం? బరువు తగ్గింది, పనులు పెరిగాయి, చెకప్‌లకి వెళ్ళడం మానేశాం, టాబ్లెట్లు ఒకరోజు వేసుకుని రెండ్రోజులు మర్చిపోతున్నాం. చాప కింద నీరులా వస్తుంది అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఆడవాళ్ళకి ఇందులో ఇంకో మెలిక ఉంది, దీని గురించి ఎవరూ ముందే చెప్పరు. ఒక మిల్లీలీటర్ రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. నెలకి 40 మిల్లీలీటర్లు పోతే 20 మిల్లీగ్రాములు, బ్లీడింగ్ ఎక్కువై 80 పోతే 40 మిల్లీగ్రాములు, అంటే రోజుకి సగటున 1.3, ఒంటికి మామూలుగా రోజూ అందేదంతా దాదాపు దానికే చెల్లు. బరువు ఎక్కువున్నప్పుడు పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య వల్ల చాలామందికి పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వచ్చేవి. సర్జరీ తర్వాత బరువు తగ్గాక అవి నెలనెలా రావడం మొదలవుతుంది, అందరం సంతోషిస్తాం, సంతోషించాల్సిందే, కానీ ఐరన్ ఖర్చు ఒక్కసారిగా రెండు మూడు రెట్లు అయిందన్న సంగతి ఎవరి దృష్టికీ రాదు. రాబడి తగ్గినప్పుడే ఖర్చు పెరిగిందన్నమాట. బ్లీడింగ్ ఎక్కువగా ఉంటే గైనకాలజిస్ట్‌ని కలిసి దాన్ని తగ్గించుకోవడం కూడా ఐరన్ వైద్యంలో భాగమే, ఉదాహరణకి గర్భసంచిలో పెట్టే హార్మోన్ ఉన్న ఐయూడీ (లూప్ లాంటిది) బ్లీడింగ్‌ని బాగా తగ్గిస్తుంది, అది గర్భసంచి లోపలే పని చేస్తుంది కాబట్టి పేగు మార్పుతో దానికి సంబంధం లేదు. అలాగే రక్తదానం. ఒక్కసారి రక్తం ఇస్తే 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ వెళ్ళిపోతుంది. బరువు తగ్గి ఆరోగ్యంగా ఉన్నాం కదా అని మంచి మనసుతో ఇచ్చేస్తారు, మన నిల్వ మొత్తం కలిపినా అంతే ఉండొచ్చు. ఫెరిటిన్ చూడకుండా, డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకండి.

ఇక నీరసం అన్నదంతా ఐరన్ వల్లే అనుకోవడం కూడా పొరపాటే. ఈ సర్జరీ తర్వాత బి12 పడిపోతుంది, ఫోలేట్ పడిపోవచ్చు, కాపర్ కూడా పడిపోవచ్చు, ఇవన్నీ ఎనీమియా తెచ్చేవే. ఐరన్ తక్కువైతే ఎర్ర కణాలు చిన్నవైపోతాయి, బి12 తక్కువైతే పెద్దవైపోతాయి, రెండూ కలిసి తగ్గితే సగటు సైజు రిపోర్ట్‌లో నార్మల్‌గా కనిపించి కూర్చుంటుంది. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ అన్న లైన్ చూడాలి, కణాల సైజుల్లో తేడాలు ఎక్కువుంటే అది పెరుగుతుంది. ఐరన్ ఎంత ఇచ్చినా హిమోగ్లోబిన్ లేవకుండా, తెల్ల కణాలు కూడా తగ్గి, కాళ్ళు మొద్దుబారడం, నడకలో తూలడం ఉంటే కాపర్, బి12 రెండూ చూడమని గట్టిగా అడగండి, ఎందుకంటే వీటి వల్ల నరాలకి జరిగే డ్యామేజ్ ఆలస్యం చేస్తే పూర్తిగా వెనక్కి రాదు. జుట్టు ఊడుతుందని జింక్ ఎక్కువెక్కువ మింగే వాళ్ళకి ఇదొక హెచ్చరిక, జింక్ ఎక్కువైతే కాపర్‌ని తగ్గించేస్తుంది. జుట్టు సంగతి కూడా చెప్పేస్తాను, సర్జరీ అయ్యాక మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఊడేది ఎక్కువగా వేగంగా బరువు తగ్గిన షాక్ వల్ల, అది దానంతట అదే తగ్గుతుంది. ఏడాది దాటాక కూడా ఊడుతూనే ఉంటే మాత్రం ఫెరిటిన్ చూడాల్సిందే.

టాబ్లెట్ల దగ్గరికొద్దాం. అమెరికాలో బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే సర్జరీలు చేసే సర్జన్ల సొసైటీ 2016లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం, ఎనీమియా రాకుండా ఉండడానికే, పీరియడ్స్ వచ్చే ఆడవాళ్ళూ, బైపాస్, స్లీవ్, డుయోడినల్ స్విచ్ చేయించుకున్న వాళ్ళూ రోజుకి 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ తీసుకోవాలి, రిస్క్ తక్కువున్న మగవాళ్ళకి 18 సరిపోతుంది. లోటు వచ్చేశాక డోస్ 150 నుంచి 200 దాకా పెంచుతారు, అది డాక్టర్ చూసి చెప్పాలి. ఈ ఎలిమెంటల్ అన్న మాట దగ్గర చాలామంది తికమక పడతారు. డబ్బా మీద ఫెర్రస్ సల్ఫేట్ 325 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు ఐరన్ 65 మాత్రమే, మిగతాది ఉప్పు బరువు. ఫెర్రస్ ఫ్యుమరేట్‌లో బరువులో మూడో వంతు ఐరన్, గ్లూకోనేట్‌లో 12 శాతం. కాబట్టి వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో ఎలిమెంటల్ ఎంతో చదవండి. గమ్మీ విటమిన్లలో మామూలుగా ఐరన్ ఉండనే ఉండదు, రుచిగా ఉన్నాయి కదా అని అవే తింటూ మల్టీవిటమిన్ వేసుకుంటున్నాం అనుకునేవాళ్ళు ఎంతమందో.

స్లో రిలీజ్, ఎంటరిక్ కోటెడ్ అని ఉన్న ఐరన్ మాత్రలు మనకి పనికిరావు. కడుపులో మంట పెట్టవు అని వాటిని ఇస్తుంటారు. అవి కిందికి వెళ్ళాక నెమ్మదిగా కరుగుతాయి, ఐరన్ పీల్చుకునే చోటు దాటిపోయాక కరిగితే ఎవరికి లాభం? మామూలు పొట్ట ఉన్నవాళ్ళకే అవి అంతంత మాత్రం, మన సంగతి చెప్పక్కర్లేదు. నమిలేవి, లిక్విడ్, మామూలు మాత్రలు మేలు.

వేసుకునే టైమింగ్ మీద చాలా ఆధారపడి ఉంటుంది. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకుంటే కాల్షియం అడ్డం పడుతుంది, రెండింటికీ కనీసం రెండు గంటలు గ్యాప్ ఉండాలి, పైగా మనకి కాల్షియం కూడా రోజుకి 1200 నుంచి 1500 కావాలి కాబట్టి అది రెండు మూడు సార్లుగా విడగొట్టాలి, అందుకని రోజంతా అలారాలే. టీ, కాఫీల్లోని పాలీఫెనాల్స్ ఐరన్‌ని పట్టేసుకుంటాయి, ఐరన్ వేసుకున్నాక గంట రెండు గంటలు వాటి జోలికి వెళ్ళొద్దు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు దానికీ ఐరన్‌కీ నాలుగు గంటలు ఎడం పెట్టాలి, లేకపోతే ఆ మాత్ర కూడా పని చేయదు. నేను చివరికి థైరాయిడ్ పొద్దున్నే, కాల్షియం మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, ఐరన్ రాత్రి భోజనమయ్యాక రెండు గంటలకి అని పెట్టుకున్నా. వేసుకున్న వెంటనే పడుకోను, అరగంటైనా కూర్చుంటా, మాత్ర అన్నవాహికలో ఇరుక్కుంటే పుండు పడుతుంది. విటమిన్ సి కలిపి వేసుకుంటే ఐరన్ బాగా పడుతుందని అంటారు, వేసుకుంటే నష్టం లేదు గానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

రోజు విడిచి రోజు వేసుకోమని ఈ మధ్య డాక్టర్లు చెప్తున్నారు, దానికీ కారణం ఆ హెప్సిడినే. పెద్ద డోస్ ఐరన్ వేసుకోగానే హెప్సిడిన్ పెరిగి దాదాపు 24 గంటలు గేటు మూస్తుంది, మర్నాడు వేసుకున్నది సరిగ్గా పట్టదు, మధ్యలో ఒకరోజు ఆగితే గేటు మళ్ళీ తెరుచుకుంటుంది. స్విట్జర్లాండ్‌లో ఐరన్ తక్కువున్న యువతుల మీద చేసిన స్టడీస్‌లో ఇది తేలింది. కానీ వాళ్ళది మామూలు పొట్ట, మామూలు పేగు, సర్జరీ అయినవాళ్ళు కాదు. మలబద్ధకం, వికారం తట్టుకోలేక పూర్తిగా మానేసే బదులు రోజు విడిచి రోజు మేలు అని నా అభిప్రాయం, మీ డాక్టర్‌ని అడిగి మార్చుకోండి.

తిండి గురించి క్లుప్తంగా. మాంసాహారంలోని హీమ్ ఐరన్ వేరే దారిన లోపలికి వెళ్తుంది, యాసిడ్ మీద అంతగా ఆధారపడదు, అందుకే బాగా పడుతుంది. కానీ సర్జరీ తర్వాత చాలామందికి మాంసం అరగదు, గొంతులో అడ్డం పడ్డట్టు ఉంటుంది. మెత్తగా ఉడికించి, బాగా నమిలి, చిన్న చిన్న ముద్దలుగా ప్రయత్నించండి. శాకాహారులు పప్పుధాన్యాలు, ఆకుకూరలు తినండి, ఒంటికి మంచిదే. అయితే ఒకసారి లోటు వచ్చేశాక తిండితో పూడ్చేస్తాం అన్నది జరిగే పని కాదు.

ఎందుకు కాదో మళ్ళీ లెక్కే చెప్తుంది. 70 కిలోల మనిషికి హిమోగ్లోబిన్ 9 ఉందనుకోండి, దాన్ని 15కి తెచ్చి నిల్వ కూడా నింపాలంటే డాక్టర్లు వాడే గాంజోని ఫార్ములా ఒకటుంది, బరువు గుణించు కావాల్సిన పెరుగుదల గుణించు 2.4, దానికి నిల్వ కోసం 500 కలపాలి. 70 ఇంటూ 6 ఇంటూ 2.4 అంటే 1008, ప్లస్ 500, మొత్తం 1508 మిల్లీగ్రాములు. ఇప్పుడు 60 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే అందులో పదో వంతు పట్టిందనుకుందాం, రోజుకి 6, అంటే 250 రోజులు, అదీ ఒక్కరోజు కూడా మానకుండా, ఏమీ పోగొట్టుకోకుండా. బైపాస్ పేగులో అంత పట్టకపోవచ్చు కూడా. అందుకే నోటి మాత్రలు ఒక నెల రోజులు సరిగ్గా వాడినా హిమోగ్లోబిన్ కనీసం ఒక పాయింట్ పెరగకపోతే ఇంకా నెలల తరబడి సాగదీయకుండా ఐవీ గురించి అడగాలి. నేను ఎనిమిది నెలలు సాగదీశాను, అది నాకు ఇప్పటికీ బాధే.

ఐవీ ఐరన్ అంటే భయపడేవాళ్ళు ఎక్కువ, ఏదో చివరి స్టేజ్ అన్నట్టు. పేగు దారి మూసుకున్నప్పుడు నేరుగా రక్తంలోకి ఇవ్వడమే అది. ఐరన్ సుక్రోజ్ అయితే ఒక్కోసారి 200 చొప్పున చాలాసార్లు వెళ్ళాలి, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ లాంటివి ఒకేసారి ఎక్కువ డోస్ ఇవ్వగలరు కాబట్టి ఒకటి రెండు విజిట్లలో అయిపోతుంది. ఎక్కించేటప్పుడు నోట్లో ఇనుము రుచి, తలనొప్పి, మర్నాడు ఒళ్ళు నొప్పులు కొందరికి ఉంటాయి. తీవ్రమైన ఎలర్జీ చాలా అరుదు, అయినా అందుకే హాస్పిటల్లోనే పెట్టించుకోవాలి, అయ్యాక అరగంట అక్కడే ఉండాలి. సూది దగ్గర మంటగానీ వాపుగానీ వస్తే ఒక్క క్షణం ఆగకుండా నర్స్‌ని పిలవండి, మందు చర్మం కిందికి లీకైతే గోధుమ రంగు మచ్చ పడి ఏళ్ళ తరబడి పోదు. ఇంకోటి, కార్బాక్సీమాల్టోజ్ తర్వాత కొందరికి రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది, విటమిన్ డి తక్కువున్న వాళ్ళకి ఈ రిస్క్ ఎక్కువ, మనలో డి తక్కువ లేనివాళ్ళు ఎవరు? ఐవీ తర్వాత రెండు మూడు వారాలకి నీరసం తగ్గకపోగా ఎముకల నొప్పులు, కండరాల్లో బలం లేకపోవడం ఉంటే ఫాస్ఫేట్ టెస్ట్ అడగండి.

నాకు మొదటి డోస్ ఎక్కించిన వారం లోపే ఫ్రీజర్ వైపు వెళ్ళడం ఆగిపోయింది. ట్రేలో ఐస్ అలాగే ఉంది, అది చూశాకే నాకు గుర్తొచ్చింది నాలుగు రోజులుగా తినలేదని. హిమోగ్లోబిన్ అప్పటికింకా పెద్దగా పెరగలేదు, అది పెరగడానికి వారాలు పడుతుంది, ఐస్ యావ మాత్రం ఇలా ముందే పోవడం చాలామందిలో జరుగుతుంది. ఒక మాట, ఐవీ అయిన వెంటనే ఫెరిటిన్ చేయిస్తే ఆకాశంలో ఉంటుంది, దాన్ని చూసి ఆహా అనుకోవద్దు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించాలి. పైగా ఐవీ సంపు నింపిందే గానీ పైపు బాగుచేయలేదు. దారి మారినది మారినట్టే ఉంది కాబట్టి కొంతకాలానికి మళ్ళీ తగ్గొచ్చు, రెండోసారి పెట్టించుకోవాల్సి వస్తే నిరాశ పడక్కర్లేదు.

ఎంత ఇచ్చినా నిలవకపోతే మాత్రం ఇంకో ప్రశ్న అడగాలి, ఎక్కడైనా రక్తం పోతోందా? బైపాస్‌లో పొట్ట సంచిని పేగుకి కలిపిన కుట్టు దగ్గర మార్జినల్ అల్సర్ అని పుండు పడొచ్చు, అది రోజూ కొంచెం కొంచెం రక్తం కారుస్తూ ఉంటుంది, నొప్పి లేకపోయినా సరే. సిగరెట్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, హెచ్ పైలోరీ బ్యాక్టీరియా, ఇవి దానికి ముఖ్య కారణాలు. ఐరన్ వేసుకునేవాళ్ళకి మలం నల్లగా రావడం మామూలే, కానీ తారులా జిగటగా, భరించలేని వాసనతో వస్తే, కళ్ళు తిరుగుతుంటే అది రక్తం, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఇంకో కష్టం ఏంటంటే బైపాస్‌లో పక్కన పెట్టేసిన పెద్ద పొట్టలోకి మామూలు ఎండోస్కోపీ వెళ్ళలేదు, ఎండోస్కోపీ నార్మల్ అని వచ్చినా అక్కడ ఏముందో కనపడలేదని గుర్తుంచుకోండి. మగవాళ్ళకి, పీరియడ్స్ ఆగిపోయిన ఆడవాళ్ళకి ఐరన్ తగ్గితే అంతా సర్జరీ మీదకి నెట్టేయకుండా పెద్ద పేగు కూడా చూపించుకోవాలి.

ప్రెగ్నెన్సీ ప్లాన్ చేసుకునే వాళ్ళు సర్జరీ అయ్యాక 12 నుంచి 18 నెలలు ఆగమని డాక్టర్లు చెప్పేది ఇలాంటి లోట్ల వల్ల కూడా. బరువు తగ్గగానే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, అనుకోకుండా నిలిచిపోతుంది. మొదటి మూడు నెలల్లో ఐవీ ఐరన్ ఇవ్వరు, కాబట్టి ముందే నింపుకుని ఉండాలి.

టెస్టులు మొదటి ఏడాదిలో మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఏటా ఒకసారి, బతికున్నంతకాలం. పదేళ్ళయింది ఇంకేం వస్తుందిలే అని మానొద్దు. అలాగని టెస్ట్ చేయించకుండా ఐరన్ సొంతంగా పెంచుకుంటూ పోవద్దు, ఒంట్లో ఎక్కువైన ఐరన్‌ని బయటికి పంపే ఏర్పాటు మన శరీరానికి లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఐరన్ డబ్బా అందనంత ఎత్తులో పెట్టండి, చాక్లెట్ అనుకుని కొన్ని మింగినా ప్రాణం మీదకి వస్తుంది.

చివరిగా, ఒక ఫైల్ పెట్టుకోండి. ఏ సర్జరీ, ఏ సంవత్సరం, ఎంత పేగు దాటవేశారు అన్న ఆపరేషన్ నోట్ కాపీ అందులో ముందు పెట్టండి, దాని వెనక ఒక కాగితం మీద తేదీ, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, శాచురేషన్, బి12 వరసగా రాసుకుంటూ పోండి. లాప్రోస్కోపీ మచ్చలు చిన్నవి, బరువు తగ్గిన మనిషిని చూసి కొత్త డాక్టర్‌కి అనుమానమే రాదు, పంటి నొప్పికి వెళ్తే డైక్లోఫెనాక్ రాసేస్తారు, నీరసానికి వెళ్తే స్లో రిలీజ్ ఐరన్ రాసేస్తారు. కుర్చీలో కూర్చోగానే నా సమస్య చెప్పడానికి ముందు ఆ మొదటి పేజీ తీసి టేబుల్ మీద పెడతాను నేను.